బిస్కెట్ల డబ్బా, పులివేషం, మీ బాబు ప్రశ్న

ప్రశ్న: టీచరు గారికి నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా ఆయన చెన్నైలో కట్టడం పనికి వెళ్లారు, ఆర్నెల్లకోసారి వస్తారు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి అయిదు. మా అత్తగారు కూడా మాతోనే ఉంటారు. నేను మిషను మీద ఉన్నప్పుడు బాబు నా ఫోన్లో గేమ్ ఆడుకుంటాడు. అందులో ఎవరో 'నేనూ మూడో తరగతే, మాదీ బొబ్బిలే' అని పరిచయం చేసుకుని, గేమ్‌లో డబ్బు పెట్టి కొనుక్కునే డైమండ్లు ఊరికే ఇస్తానని చెప్పి, వాట్సాప్‌లోకి రమ్మన్నారు. వీడు నా నంబరు ఇచ్చేశాడు. స్కూలు యూనిఫాంలో ఉన్న ఫోటో కూడా పంపాడు. తర్వాత ఓటీపీ అడిగారు. అది పంపేలోగా నేను చూశాను. డబ్బు పోలేదు. కానీ భయంతో, కోపంతో వాడిని కొట్టాను, ఫోను దాచేశాను. రెండు రోజులు వాడు సరిగా మాట్లాడలేదు. మూడో రోజు 'అయితే ఫోన్లో అందరూ అబద్ధాలే చెప్తారా అమ్మా? నాన్న కూడానా?' అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంత చిన్న పిల్లలకి మోసం గురించి ఎలా చెప్పాలి? చెప్తే మనుషుల మీద నమ్మకం పోదా?
– ఒక తల్లి, విజయనగరం జిల్లా

జవాబు:

అమ్మా,

'నాన్న కూడానా?' అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ రెండు రోజులూ వాడు అలిగి ఊరుకున్నాడని మీరు అనుకుని ఉంటారు. వాడు అలగలేదు, ఆలోచిస్తున్నాడు. ముప్పై ఏళ్లు చిన్న తరగతులకు పాఠం చెప్పినదాన్ని కాబట్టి ఈ మౌనం నాకు బాగా తెలుసు. వాడికి జవాబు చెప్పాల్సిందే. దానికన్నా ముందు ఈరోజే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, అవి చూద్దాం.

ఆ మెసేజ్‌లు చెరిపేయకండి. అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఆ తర్వాత గేమ్‌లోనూ వాట్సాప్‌లోనూ ఆ మనిషిని రిపోర్ట్ చేసి, బ్లాక్ చేయండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ అన్నచోట 'టూ స్టెప్ వెరిఫికేషన్' అని ఉంటుంది. అక్కడ ఆరంకెల పిన్ పెట్టుకుంటే, రేపెప్పుడైనా ఓటీపీ చేజారినా మీ వాట్సాప్‌ను ఇంకొకరు వాళ్ల ఫోన్లో తెరవడం కష్టమవుతుంది. ఆ పిన్ ఎవరికీ చెప్పకండి. బాబు క్లాసు టీచరుకు కూడా జరిగింది చెప్పండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. యూనిఫాం, టై, బ్యాడ్జి కనబడే ఫోటో అంటే ఈ పిల్లాడు ఏ బడిలో చదువుతున్నాడో చెప్పేసినట్టే. 'మీ నాన్న పంపించారు' అంటూ ఎవరైనా గేటు దగ్గరికి వస్తే బడివాళ్లు జాగ్రత్తగా ఉండాలి కదా.

ఆ మనిషి మళ్లీ వేరే నంబరు నుంచి వచ్చి ఫోటో పేరు చెప్పి బెదిరిస్తే ఒక్క రూపాయి కూడా పంపకండి. పిల్లల విషయానికి చైల్డ్‌లైన్ 1098, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. ఈ రెండు నంబర్లూ మిషను పక్కన గోడ మీద రాసి పెట్టుకోండి. డబ్బు విషయంలో ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మంచిది. ఒంటరిగా చేయడానికి జంకైతే మీ సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే వెళ్లి కలవండి. బట్టల్లేని ఫోటోలు అడగడం, పిల్లలతో చెప్పకూడని మాటలు చెప్పడం లాంటివి ఏమాత్రం కనబడినా అది పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం కిందికి వచ్చే నేరం. అక్కడ ఇక బ్లాక్ చేసి ఊరుకోవడం కుదరదు, పోలీసులకు చెప్పి తీరాలి.

ఇప్పుడు కొట్టిన సంగతి. మీరు దాచకుండా రాశారు, అందుకే నేనూ దాచకుండా చెబుతాను. ఈ సాయంత్రం బాబు పక్కన కూర్చుని 'నాకు భయం వేసింది రా, అందుకే కొట్టాను. కొట్టకుండా ఉండాల్సింది. తప్పు నీది కాదు, నీకు అబద్ధం చెప్పినవాడిది' అనండి. పిల్లాడి ముందు తగ్గిపోతామేమో అని వెనకాడకండి. దీనికి కారణం ఉంది. పిల్లల్ని మోసం చేసేవాళ్ల చేతిలో ఉండే పెద్ద ఆయుధం డైమండ్లు కాదమ్మా, తల్లిదండ్రుల కోపం. మొదట బహుమతి ఆశ చూపిస్తారు. పిల్లవాడు ఒక ఫోటోనో, నంబరో ఇచ్చాక 'ఇది మీ అమ్మకు తెలిస్తే నిన్ను కొడుతుంది, కాబట్టి నేను చెప్పినట్టు చెయ్యి' అంటారు. అమ్మ నిజంగానే కొడుతుందని వాడికి తెలిస్తే ఆ బెదిరింపు పనిచేస్తుంది. అమ్మ కొట్టదని తెలిస్తే అది అక్కడే ఆగిపోతుంది.

ఇక వాడి ప్రశ్న. నాన్న గురించి అడిగాడు కదా, ఇలా చెప్పండి: 'నాన్న మనకి ఫోన్లో దొరకలేదు. నిన్ను భుజాల మీద ఎక్కించుకుని జాతరకి తీసుకెళ్లాడు. సంక్రాంతికి వచ్చి పక్కన పడుకున్నాడు. ఫోనుకన్నా ముందే నాన్న మనకి తెలుసు. గేమ్‌లో అబ్బాయి అలా కాదు. ఆ అబ్బాయి గురించి మనకి తెలిసిందంతా వాడు చెప్పుకున్నదే.' ఎనిమిదేళ్ల పిల్లాడికి ఈ తేడా బాగా అర్థమవుతుంది. ఫోన్ బయట కూడా తెలిసిన మనుషులు, ఫోన్లో మాత్రమే తెలిసిన మనుషులు. వాడి చేతే పేర్లు చెప్పించండి. మామ్మ ఎటు? నాన్న ఎటు? క్లాసులో స్నేహితుడు ఎటు? వీడియోల్లో బొమ్మలు విప్పి చూపించే అక్క ఎటు? ఆ అక్క దగ్గర కాస్త తడబడతాడు. రోజూ చూస్తున్నాడు కాబట్టి తెలిసినట్టే అనిపిస్తుంది. ఆ తడబాటు దగ్గర తొందరపెట్టకండి. 'నువ్వు ఆమెని చూస్తావు, ఆమె నిన్ను ఎప్పుడైనా చూసిందా?' అని అడిగి, వాడినే ఆలోచించుకోనివ్వండి.

పాప సంగతి వేరు. మీరు కుట్టుపని చేస్తారు కాబట్టి దారాలూ బాబిన్లూ హుక్కులూ పెట్టుకునే పాత బిస్కెట్ల డబ్బా ఒకటి మీ ఇంట్లో ఉండే ఉంటుంది. అది పాపకి కొత్తేమీ కాదు. కానీ ఆ డబ్బా ఎప్పుడూ చూడని పక్కింటి పిల్ల ఒకర్తి వచ్చినప్పుడు, మూత తీయకుండా 'ఇందులో ఏముంది చెప్పు?' అని ఆ పిల్లని అడగండి. మూత మీద బొమ్మ చూసి 'బిస్కెట్లు' అంటుంది. మీ పాప పకపకా నవ్వుతుంది. ఆ నవ్వు చాలా విలువైనది. ఎదుటివాళ్ల తలలో ఉన్నదీ డబ్బాలో ఉన్నదీ ఒకటి కాకపోవచ్చని ఆమెకి తెలిసిందన్నమాట.

ఇది నేను కల్పించిన ఆట కాదు. యోసెఫ్ పెర్నర్ అనే మానసిక శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఇలాగే చాక్లెట్ల డబ్బాలో పెన్సిల్ పెట్టి చిన్నపిల్లల్ని పరీక్షించి 1987లో రాశారు. లోపల పెన్సిల్ ఉందని చూపించి, మూత పెట్టేసి, 'ఇది చూడని నీ స్నేహితుడిని అడిగితే ఏముందంటాడు?' అంటే మూడేళ్ల పిల్లలు చాలామంది 'పెన్సిల్' అనే అన్నారు. తనకి తెలిసింది అందరికీ తెలుసనే అనుకుంటారు ఆ వయసులో. నాలుగు, అయిదేళ్లు వచ్చేసరికి 'చాక్లెట్లు అంటాడు' అని చెప్పగలుగుతారు. అందుకే మూడేళ్ల పిల్లకి మోసం గురించి ఎంత చెప్పినా గాలికి పోతుంది. మీ పాపకి అయిదేళ్లు కాబట్టి ఇప్పుడిప్పుడే తలుపు తెరుచుకుంటోంది. ఆ పిల్లకి ఓటీపీలూ నేరాలూ అక్కర్లేదు. 'ఫోన్లో కనబడేది మూత మీద బొమ్మ. లోపల ఏముందో మనం చూడలేదు' అన్న ఒక్క మాట చాలు. గేమ్‌లో పిల్లాడి ఫోటో ఉంటే అదీ మూత మీద బొమ్మే అని బాబు కూడా ఆమెకి చెప్పగలడు. అన్న చెబితే పాప ఇంకా బాగా వింటుంది.

బాబుకి నేనైతే పులివేషం గురించి చెబుతాను. మా విజయనగరంలో దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను పండగ జరుగుతుంది. మీరూ పిల్లల్ని తీసుకొచ్చే ఉంటారు. ఒక ఏడాది మా బడి పిల్లల్లో ఒకడు మూడు లాంతర్ల కూడలి దగ్గర పులివేషం చూసి, నా చీర కుచ్చిళ్లు పట్టుకుని వదల్లేదు. డప్పు ఆగాక ఆ పులి తలకు తగిలించుకున్న ముఖం తీసి చంకలో పెట్టుకుని, బడ్డీ దగ్గర టీ తాగుతోంది. చూస్తే వాళ్ల వీధిలో సైకిళ్లు బాగుచేసే మనిషే. పిల్లాడు మెల్లగా దగ్గరికి వెళ్లి ఆయన చేతి మీద రంగు ముట్టుకుని చూశాడు. ఆ తర్వాత మళ్లీ డప్పు మొదలైతే భయపడలేదు. పైగా పక్కనున్న పిల్లలకి 'లోపల మావయ్యే' అని చెప్పాడు.

మీ వాడికి ఈ 'వేషం' అన్న మాట ఇవ్వండి. అబద్ధం, మోసం అనే మాటలు వింటే పిల్లలు బిగుసుకుపోతారు. వేషం అంటే వాళ్లకి తెలుసు. అయితే ఒక తేడా కూడా చెప్పాలి. పండగలో పులివేషం వేసిన మనిషి మనల్ని మోసం చేయట్లేదు. అది వేషమని ఆయనకీ తెలుసు, మనకీ తెలుసు, ఇద్దరం ఆనందిస్తున్నాం. గేమ్‌లో మనిషి వేషం వేసి, వేషం కాదన్నాడు. 'నీ నుంచి ఏదో తీసుకోవాలని వేసిన వేషం అది' అని చెప్పండి. ఈ మధ్య కంప్యూటర్లు గొంతుకి కూడా వేషం వేస్తున్నాయి, ముఖానికీ వేస్తున్నాయి. పెద్ద మనిషి చిన్నపిల్లాడి గొంతుతో మాట్లాడగలడు. కాబట్టి 'గొంతు విన్నాను, పిల్లాడే' అన్నది ఇక సాక్ష్యం కాదు.

దీనికి మీ ఇంటికి పనికొచ్చే ఉపాయం ఒకటుంది. ఈసారి మీ ఆయన వచ్చినప్పుడు అందరూ కూర్చుని ఇంటి మాట ఒకటి పెట్టుకోండి. పాత ఆవుదూడ పేరో, బాబు చిన్నప్పుడు తప్పుగా పలికిన మాటో, ఎవరూ ఊహించలేనిది ఏదైనా. కొత్త నంబరు నుంచి 'నాన్నని మాట్లాడుతున్నా, ఫోను పోయింది, అర్జెంటుగా డబ్బు పంపు' అని వచ్చినా, బడి దగ్గర ఎవరైనా 'మీ అమ్మ రమ్మంది' అన్నా, ఆ మాట అడగాలి. చెప్పలేకపోతే కదలకూడదు. పిల్లలకి ఇది ఆటలా ఉంటుంది. మీకూ మీ అత్తగారికీ కూడా ఇది అవసరమే.

అత్తగారి ఊసు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మీ ఇంట్లో ఆవిడకి కూడా ఫోన్లో మెసేజ్‌లు వస్తుంటే అవి పిల్లల ముందు పైకి చదువుతారేమో చూడండి. మన వైపు తుఫాను అనగానే ఎక్కడెక్కడి పాత ఫోటోలో కొత్తవిగా తిరుగుతాయి. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను నాటి ఫోటో ఇప్పటి వాయుగుండానికి అతికించి పంపుతారు. గట్టు తెగిందంటారు. మామ్మ అది నమ్మి, కంగారుపడి, నలుగురికీ పంపుతుంది. పిల్లాడు చూసి 'మామ్మ కూడా అబద్ధం చెప్పింది' అనుకోకూడదు. మామ్మది పొరపాటు. కథ చెప్పేవాడు ఊహించి చెబుతాడు, పొరపాటు పడినవాడు నిజమనుకుని చెబుతాడు, అబద్ధమాడేవాడు నిజం కాదని తెలిసీ చెబుతాడు. ఈ మూడూ వేరని పిల్లలకి విడమరిచి చెప్పకపోతేనే 'అందరూ అబద్ధాలే' అన్న చోటికి వస్తారు. మీ బాబు సరిగ్గా అక్కడే ఉన్నాడు. చాలా చేతులు మారి వచ్చిన మెసేజ్ పైన వాట్సాప్ రెండు బాణాల గుర్తు చూపిస్తుంది. ఆ గుర్తు కనబడితే మామ్మకి చెప్పే పని బాబుకి అప్పగించండి. తుఫాను సంగతికి విశాఖలో తుఫాను హెచ్చరిక కేంద్రం ఉందనీ, వాళ్లేం చెప్పారో చూద్దామనీ వాడే అంటాడు. మోసపోయిన పిల్లాడిగా తలదించుకున్నవాడికి ఇంట్లో ఒక బాధ్యత దొరుకుతుంది.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్నది. చాలామంది తల్లిదండ్రులు పిల్లలకి అబద్ధాన్ని పసిగట్టడం నేర్పాలని చూస్తారు. ఇలాంటి ప్రశ్న అడుగు, అలాంటి తప్పు పట్టుకో అని. నేనూ మొదట్లో తరగతిలో అలాగే చెప్పేదాన్ని. అది సరికాదని ఒక ఆటలో తెలిసింది. ఒకడిని తెర వెనక కూర్చోబెట్టి వేరే పిల్లాడిలా మాట్లాడమన్నాను, మిగతావాళ్లని ప్రశ్నలడిగి కనిపెట్టమన్నాను. తెర వెనక ఉన్నవాడు అన్నిటికీ జవాబు చెప్పేశాడు. నీ తరగతి ఎంత, మీ టీచరెవరు, మీ ఊళ్లో గుడి ఎక్కడుంది, అన్నీ చెప్పాడు. సిద్ధపడి వచ్చిన అబద్ధం ఏ ప్రశ్నకీ దొరకదు. చదువుకున్న పెద్దవాళ్లమే దొరికిపోతున్నాం. నాతో పనిచేసిన ఒక మాస్టారు, లెక్కల్లో దిట్ట, 'మీకు డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి' అంటే కొట్టేశారు. డబ్బు తీసుకునేటప్పుడు యూపీఐ పిన్ ఎప్పుడూ అడగదని ఆయనకి అప్పటికి తెలియదు. అంతటి మనిషికి దొరకని అబద్ధాన్ని ఎనిమిదేళ్లవాడు ఎలా పట్టుకుంటాడు?

కాబట్టి ఆ బరువు వాడి మీద పెట్టకండి. అవతలివాడు మంచివాడా చెడ్డవాడా తేల్చడం బాబు పని కాదు. వాడి పని చాలా చిన్నది: ఫోన్లో మాత్రమే తెలిసిన మనిషి ఏదైనా అడిగితే ఆగడం, మీ దగ్గరికి రావడం. ఫోటో, నంబరు, అంకెలు, బడి పేరు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏది అడిగినా సరే. అవతలివాడు నిజంగానే మూడో తరగతి పిల్లాడైనా ఏం నష్టం లేదు, అమ్మని అడిగొస్తానంటే నిజమైన స్నేహితుడు ఆగుతాడు. ఓటీపీ అంటే మన ఇంటి తాళంచెవి అని చెబితే వాడికి ఇట్టే అర్థమవుతుంది.

చెరువు గట్టున కూర్చున్న ముసలి పులి బంగారు కడియం చూపించి బాటసారిని పిలిచిన కథ మీకు తెలుసు కదా. రాత్రి అన్నం తినిపిస్తూ చెప్పండి. చివరకు వచ్చాక నీతి చెప్పకుండా 'ఆ పులికి కడియం ఎందుకు? ఊరికే ఎందుకు ఇస్తానంది?' అని మాత్రం అడిగి ఊరుకోండి. డైమండ్ల ఊసు మీరు ఎత్తకండి. వాడే ఎత్తుతాడు. ఆ రోజు ఎత్తకపోతే ఇంకో రోజు ఎత్తుతాడు.

ఇంకొకటి, దీన్ని మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. 'అమ్మకి చెప్పకు' అని ఎవరన్నా, ఫోన్లో వాళ్లయినా ఊళ్లో వాళ్లయినా, ఆ మాట విన్న వెంటనే అమ్మకి చెప్పాలి. నాన్న పండక్కి తెస్తున్న బట్టల సంగతి పాపకి చెప్పొద్దంటే అది వేరు, పండగ రోజు అందరికీ తెలిసిపోతుంది, అందరూ నవ్వుతారు. ఎప్పటికీ చెప్పొద్దనేది, కడుపులో బరువుగా ఉండేది, అలాంటిది దాచక్కర్లేదు. ఈ తేడా పాపకి కూడా చెప్పండి, అయిదేళ్లకి అర్థమవుతుంది.

నమ్మకం పోదా అన్నారు. పోదమ్మా. ఎవరిని నమ్మాలో చెప్పకుండా ఎవరినీ నమ్మొద్దంటేనే పోతుంది. ఏదైనా జరిగితే ఎవరెవరికి చెప్పుకోవచ్చో బాబు చేత ఒక కాగితం మీద పేర్లు రాయించండి. అమ్మ, నాన్న, మామ్మ, ఒక టీచరు, ఒక మావయ్యో పిన్నో. పాపకి రాయడం రాదు కాబట్టి బొమ్మలు వేస్తుంది. ఆ కాగితాన్ని 1098 పక్కనే అంటించండి.

ఫోను మాత్రం ఎన్నాళ్లో దాచలేరు, దాచినా పక్కింట్లో దొరుకుతుంది. తిరిగి ఇవ్వండి, కానీ మీ మిషను పక్కనే కూర్చుని ఆడమనండి, చప్పుడు మీకు వినబడేలా. గేమ్ సెట్టింగ్స్‌లో చాట్, వాయిస్ ఆపేయండి, అది కుదరని గేమ్ అయితే తీసేసి వేరేది పెట్టండి. వాట్సాప్‌కి వాళ్లు పెట్టుకున్న వయసే పదమూడేళ్లు, కాబట్టి అది మీదే, వాడిది కాదు. దానికి లాక్ వేసుకోండి.

కొన్నాళ్లకి వాడు ఫోను పట్టుకుని 'అమ్మా, ఇది చూడు, ఇది వేషమేనా?' అంటూ వస్తాడు. అప్పుడు మీ చేతిలో పెళ్లి జాకెట్ ఉంటుంది, సాయంత్రానికి ఇవ్వాల్సినది. అయినా మిషను ఆపి చూడండి. తొమ్మిదిసార్లు అది ఏమీ కాదు, ఏదో ప్రకటన అయి ఉంటుంది. ఆ తొమ్మిదిసార్లూ ఆపండి.

మీ బాబు ఏమన్నాడో నాకు మళ్లీ రాయండి. మీ ఇంటి మాట ఏం పెట్టుకున్నారో మాత్రం రాయకండి, అది మీ అయిదుగురి దగ్గరే ఉండాలి.